గుర్రం వెళ్లిపోయాక మిగిలిన ఇటుకలు: ఇంగ్లండ్ పాత లాయాలను, కోచ్‌మన్ ఇళ్లను అలా ఎందుకు కట్టారు?

క్లుప్తంగా: 18, 19 శతాబ్దాల్లో ఇంగ్లండ్ జమీందారీ భవనాల పక్కన, లండన్ వీధుల వెనక కట్టిన ఇటుక లాయాల్లో ఇప్పుడు చాలావరకు ఇళ్లు, హోటళ్లు, ఆఫీసులు నడుస్తున్నాయి. వాటి అర్ధచంద్ర కిటికీలు, కప్పు మీది చిన్న గోపురాలు, గుండ్రని ఇటుక మూలలు, నీలి ఇటుకల నేల ఇవాళ అలంకారంగా కనిపిస్తాయి. నిజానికి గాలి, మూత్రం, నిప్పు, గుర్రపు తన్ను అనే నాలుగు సమస్యలకు పనివాళ్లు కనిపెట్టిన జవాబులవి. రాత్రి కాపలా అనే ఐదో సమస్యకు జవాబుగా కోచ్‌మన్ (బగ్గీ తోలేవాడు) ఇల్లు పుట్టింది. ఈ లెక్క తెలియకుండా మరమ్మతు చేస్తే గోడలు చెమ్మగిల్లుతాయి, ఇటుకలు పొరలు పొరలుగా ఊడిపోతాయి.

ఇంగ్లండ్‌లో ఇళ్ల అమ్మకాల ప్రకటనలు చూసేవారికి కొన్ని పేర్లు పదేపదే ఎదురవుతాయి. ఓల్డ్ స్టేబుల్స్, కోచ్ హౌస్, కోచ్‌మన్స్ కాటేజ్, ఫలానా మ్యూస్. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఈ పేర్లు పరిచయమే. ఒకప్పటి గుర్రాల లాయం ఇంత ఖరీదైన ఇల్లు ఎలా అయింది, గోడకు ఒక మేకు కొట్టాలన్నా మున్సిపాలిటీ అనుమతి అడగాలని ఎందుకంటారు, ఎన్నిసార్లు సున్నం వేసినా కింది మూడడుగుల గోడ మీద తెల్లటి పొడి ఎందుకు లేస్తుంది అన్న ప్రశ్నలు మాత్రం కొత్తవారిని తికమక పెడతాయి. ఈ మూడింటికీ జవాబు ఆ కట్టడం పుట్టిన పద్ధతిలోనే ఉంది.

దొరగారి భవనం రాతిది, లాయం ఇటుకది

డెర్బీషైర్‌లోని కాల్క్ అబ్బీలో ప్రధాన భవనం రాతి కట్టడం. దాని లాయాలను 1712-16 మధ్య ఎర్ర ఇటుకతో కట్టారు. ఎసెక్స్‌లోని ఆడ్లీ ఎండ్‌లోనూ ఇదే తేడా. భవనానిది తెల్లటి రాయి, 17వ శతాబ్దపు తొలినాళ్ల లాయానిది ఎర్ర ఇటుక. రాయిని గని నుంచి తెప్పించాలి, చెక్కించాలి. ఇటుకకైతే ఆ ఎస్టేటులోని మట్టినే తవ్వి, అక్కడే బట్టీ పెట్టి కాల్చుకునే వీలుండేది. ఖర్చులోని ఈ తేడా భవనాల మధ్య హోదాను కూడా చెప్పేది.

అయితే ఇటుకను ఎంచుకోవడానికి చవక ఒక్కటే కారణమంటే లెక్క పూర్తి కాదు. అప్పటి లాయంలో పైన గడ్డి అటక, కింద ఎండు గడ్డి పరుపు, రాత్రిపూట లాంతరు, పక్క గదిలో పొయ్యి ఉండేవి. చెక్క గోడల లాయానికి నిప్పంటుకుంటే గుర్రాలను విప్పి బయటికి తోలేంత వ్యవధి దొరకదు. పైగా బెదిరిన గుర్రం మంటల్లోంచి బయటికి రాకుండా తనకు తెలిసిన చోటుకే, లోపలికే పోవాలని చూస్తుంది. ఇటుక గోడ మంటను ఒక గదికి కట్టడి చేస్తుంది. జాగ్రత్త ఎక్కువగా పాటించిన 19వ శతాబ్దపు లాయాల్లో గుర్రాలకూ గడ్డి అటకకూ నడుమ చెక్క తలం కూడా పెట్టలేదు. ఇనుప దూలాల మధ్య చిన్న చిన్న ఇటుక కమానులు కట్టి పైన గచ్చు వేశారు. మన పాత రైల్వే క్వార్టర్ల కప్పులు గుర్తున్నవారికి ఆ పద్ధతి వెంటనే అర్థమవుతుంది.

ఇటుక మీద పన్ను కూడా ఈ గోడలపై తన జాడ వదిలింది. అమెరికా యుద్ధపు ఖర్చులు రాబట్టుకోవడానికి బ్రిటిష్ ప్రభుత్వం 1784లో వెయ్యి ఇటుకలకు రెండు షిల్లింగుల ఆరు పెన్నీల చొప్పున పన్ను వేసింది. లెక్క ఇటుకల సంఖ్యను బట్టి కాబట్టి తయారీదారులు ఇటుక సైజు పెంచారు. ప్రభుత్వం అది గమనించి, పెద్ద ఇటుకలకు రెట్టింపు పన్ను పెట్టింది. 1850లో పన్ను రద్దయింది. ఇటుక మందం ఒక్కదాన్నే పట్టుకుని కట్టడం వయసు తేల్చలేం కానీ, 18వ శతాబ్దం చివర కట్టిన గోడలో మామూలు కంటే లావు ఇటుకలు కనిపిస్తే ఈ సంగతి గుర్తుకు రావాలి.

పేర్పులోనూ తేడా తెలుస్తుంది. భవనం వైపు, అతిథుల కంటపడే గోడలో ప్రతి వరసకూ ఒక ఇటుక నిడివి, ఒక ఇటుక తల మార్చి మార్చి పెట్టారు. వెనక గోడల్లో మూడు నుంచి ఐదు వరసలు నిడివి ఇటుకలే నడిపి, తర్వాత ఒక వరస తలలు పెట్టి సరిపెట్టారు. రెండో పద్ధతిలో నాణ్యమైన ఇటుకలు తక్కువ పడతాయి. ఒకే లాయం చుట్టూ తిరిగితే, ఏ దిక్కు నుంచి యజమాని వచ్చేవాడో ఇటుకలే చెబుతాయి.

గాలి కోసం పడిన పాట్లు

లాయం నిర్మాణంలో అసలు చిక్కు గాలి. గుర్రం నోటితో ఊపిరి తీసుకోలేదు, ముక్కే దిక్కు. మూత్రంలోని యూరియాను సూక్ష్మజీవులు విడగొట్టినప్పుడు అమ్మోనియా వస్తుంది. కళ్లు మండించే ఆ ఘాటు గుర్రం ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. తలుపులన్నీ తీసిపెడితే ఘాటు పోతుంది కానీ, చెమటతో తడిసి వచ్చిన గుర్రానికి ఇంగ్లండ్ చలిగాలి నేరుగా తగిలితే ఇంకో రోగం పట్టుకుంటుంది. గాలి ఆడాలి, గాలి తగలకూడదు. ఈ రెండు షరతులూ ఒకేసారి తీరాలి.

పాతకాలపు గుర్రాల కాపరులు వెచ్చదనం వైపే మొగ్గారు. సందులన్నీ మూసి ఉంచిన లాయంలో గుర్రపు బొచ్చు పొట్టిగా, నిగనిగలాడుతూ ఉండేది. యజమానికి ఆ మెరుపు ముఖ్యం. ఈ అలవాటు మీద గట్టి దెబ్బ పడింది సైన్యం వైపు నుంచి. 1790ల్లో లండన్ పశువైద్య కళాశాల బాధ్యతలు తీసుకున్న ఎడ్వర్డ్ కోల్‌మన్ అశ్వికదళ లాయాలకు గాలి దారులు ఉండాలని పట్టుబట్టారు. గ్లాండర్స్ వంటి అంటురోగాలు మూసిన లాయాల్లో గుర్రాల్ని వరసగా మింగేస్తున్న రోజులవి. 1860ల్లో సైనిక బారకాసుల ఆరోగ్యం మీద వేసిన కమిషన్ లాయాల గాలి గురించే ప్రత్యేకంగా పరిశీలించింది. ఒక్కో గుర్రానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి కావాలన్న లెక్క అప్పటి నుంచి వాస్తుశిల్పుల చేతికొచ్చింది.

ఆ లెక్కను ఇటుకలోకి దించిన తీరు గమనించదగ్గది. గోడ కింది భాగంలో చిల్లుల ఇటుకలు పెట్టి చల్లటి గాలి నెమ్మదిగా లోపలికి వచ్చేలా చూశారు. వేడెక్కి ఘాటెక్కిన గాలి తేలికై పైకి పోతుంది. దానికి కప్పు నడినెత్తిన వాలు పలకలతో ఒక గూడు కట్టారు. వాన నీరు దిగదు, గాలి మాత్రం బయటపడుతుంది. లాయం మీద చిన్న గోపురంలా కనిపించేది ఆ గూడే. నాలుగు దిక్కులా పలకలున్నందున గాలి ఎటు వీచినా ఒక పక్క నుంచి పీల్పు తప్పదు. గోపురం ఎలాగూ ఉందని దానికి గడియారం తగిలించారు, గాలి దిక్కు చూపే కోడిపుంజు బొమ్మ పెట్టారు. కేంబ్రిడ్జ్‌షైర్‌లోని వింపోల్ హాల్‌లో 1851లో హెన్రీ కెండల్ రూపకల్పనతో లేచిన ఎర్ర ఇటుక లాయం మీద గడియారపు గోపురం ఈ కోవలోనిదే. గడియారానికీ పని ఉంది. ఫలానా వేళకు బగ్గీ గుమ్మం ముందు నిలబడాలంటే కోచ్‌మన్‌కూ భవనంలోని సేవకులకూ ఒకే సమయం తెలియాలి. జేబు గడియారాలు ఒకదానితో ఒకటి కలవని కాలంలో లాయం గంటే ఆ ఇంటికి ప్రామాణిక సమయం.

అర్ధచంద్ర కిటికీల సంగతీ అంతే. రోమన్ స్నానశాలల నుంచి ఇటలీ మీదుగా ఇంగ్లండ్ చేరిన ఈ ఆకారం లాయానికి అచ్చంగా సరిపోయింది. గుర్రం తలెత్తినా అందనంత ఎత్తులో, కమాను కింద వెడల్పుగా కూర్చుంటుంది. వెలుతురు కళ్లలో పడకుండా పైనుంచి పరుచుకుంటుంది. గుర్రం వెనక్కు తన్నినా అద్దం పగలదు. 19వ శతాబ్దంలో పై భాగం లోపలికి వాలే కిటికీ వచ్చింది. రెండు పక్కలా రేకు చెక్కిళ్లు ఉండటంతో చల్లగాలి గుర్రం వీపు మీద పడకుండా ముందు కప్పు వైపు మళ్లి, తర్వాత మెల్లగా కిందికి దిగుతుంది.

గడ్డి అటక విషయంలో మాత్రం పాత పద్ధతికీ కొత్త పద్ధతికీ చాలాకాలం గొడవ నడిచింది. అటక గుర్రాల నెత్తిన ఉంటే పని సులువు. నేలలోని తలుపు తీసి గడ్డి కిందికి తోస్తే సరిగ్గా గుర్రం ముందున్న ఇనుప బుట్టలో పడుతుంది. కానీ అదే తలుపు గుండా అమ్మోనియా పైకి ఎక్కి గడ్డిని కంపు కొట్టిస్తుంది. పైనుంచి రాలే దుమ్ము, గడ్డి నలుసులు గుర్రం కళ్లలో పడతాయి. అందుకే తర్వాతి లాయాల్లో గడ్డిబుట్ట గుర్రం తలపై నుంచి ఛాతీ ఎత్తుకు దిగి, దాణా తొట్టి పక్కన చేరింది. పచ్చిక మీద మేసే జంతువుకు తల వంచి తినడమే సహజం కదా.

నేల, మూత్రం, పెట్లుప్పు

మోస్తరు గుర్రం రోజుకు పదిహేను ఇరవై కిలోల లద్దె వేస్తుంది, ఏడెనిమిది లీటర్ల మూత్రం పోస్తుంది. పది గుర్రాలున్న లాయంలో ఏడాదికి ఎంతవుతుందో లెక్క వేసుకోవచ్చు. లద్దెను పారతో ఎత్తేస్తారు. మూత్రమే గోడలకు శత్రువు.

ఈ శత్రువును ఒకప్పుడు రాజ్యం కోరి పెంచి పోషించింది. తుపాకీ మందులో ప్రధాన భాగం పెట్లుప్పు. లాయాలు, పావురాల గూళ్ల మట్టి నేలలో మూత్రం, పేడ ఇంకి, సూక్ష్మజీవుల చేతిలో నైట్రేట్లుగా మారి పెట్లుప్పు తయారవుతుంది. 16, 17 శతాబ్దాల్లో రాజు అనుమతి పత్రం పట్టుకున్న పెట్లుప్పు మనుషులు ఎవరి లాయంలోకైనా చొరబడి నేల తవ్వుకుపోయేవారు. 1620ల్లో మొదటి చార్లెస్ రాజు లాయాల నేలకు రాయి, ఇటుక పరచరాదని శాసనం కూడా చేశాడు. నేల పరిస్తే పెట్లుప్పు పుట్టదు కాబట్టి. ప్రజలకు కంటగింపైన ఈ తవ్వకాలు 17వ శతాబ్దపు మధ్య నుంచి తగ్గాయి. ఈస్టిండియా కంపెనీ ఓడలు బిహార్ నుంచి పెట్లుప్పు బస్తాలు మోయడం మొదలుపెట్టాక వాటి అవసరమే పోయింది. ఇంగ్లండ్ లాయాలకు గట్టి ఇటుక నేల స్వేచ్ఛగా పరుచుకునే వీలు కలగడంలో పాట్నా మట్టి పాత్ర ఉందన్నమాట. ఈ సంబంధం చరిత్ర పుస్తకాల్లో అరుదుగా కనిపిస్తుంది, కానీ లాయం నేల కథ దాన్ని వదిలేసి చెప్పడం కష్టం.

నేల పరిచే స్వేచ్ఛ వచ్చాక, ఏ ఇటుక పరచాలన్న ప్రశ్న వచ్చింది. మామూలు ఎర్ర ఇటుక మూత్రాన్ని స్పంజులా పీలుస్తుంది. దానికి స్టాఫర్డ్‌షైర్ నీలి ఇటుక పరిష్కారం చూపింది. అక్కడి ఎర్రమట్టిలో ఇనుము ఎక్కువ. బట్టీని బాగా వేడెక్కించి, గాలి అందకుండా చేస్తే ఆ ఇనుము రంగు మారి ఇటుక ముదురు నీలంగా తేలుతుంది, మట్టి గాజులా కలిసిపోయి నీరు పీల్చడం దాదాపు మానేస్తుంది. లాయాల కోసం చేసిన నీలి ఇటుక పై ముఖాన్ని చాక్లెట్ బిళ్లల్లా గళ్లుగా విడగొట్టారు. గళ్ల మధ్య గాడుల్లోంచి మూత్రం కాలువలోకి జారుతుంది, గుర్రపు లాడం జారదు. లింకన్‌షైర్‌లోని లిటిల్ బైథమ్‌లో తయారైన సన్నటి గట్టి ఇటుకలకూ ఇదే పని మీద పేరు.

వాలు ఎంత ఉండాలన్నది మరో తగవు. వాలు ఎక్కువైతే మూత్రం త్వరగా పోతుంది. కానీ ముందు కాళ్లు ఎత్తులో, వెనక కాళ్లు పల్లంలో పెట్టి రోజంతా నిలబడే గుర్రానికి నరాలు పట్టేస్తాయి. గుర్రం నిలబడే నిద్రపోగలదు కనుక ఈ బాధ రాత్రీ తప్పదు. చివరికి వాలును బాగా తగ్గించి, నేల మీదే లోతు తక్కువ తెరిచిన కాలువ వేసి, జాలీ మూత ఉన్న గుంతను గోడ బయట పెట్టడం స్థిరపడింది. లోపలే మూసిన గొట్టం పెడితే విషవాయువులు వెనక్కు ఎగదన్నుతాయని అనుభవం మీద తెలుసుకున్నారు.

గుర్రాన్ని కట్టేసే స్టాల్ వెడల్పు సాధారణంగా ఆరడుగులు, పొడవు తొమ్మిదడుగులు. విప్పి వదిలే లూజ్ బాక్స్ పన్నెండడుగుల చదరం. స్టాళ్ల మధ్య అడ్డాలకు మొదట ఓక్ చెక్క వాడారు. 19వ శతాబ్దపు మధ్య నుంచి పోత ఇనుప స్తంభాలు, జాలీలు, ఎనామెల్ పూసిన తొట్లు కేటలాగుల్లో బొమ్మ చూసి తెప్పించుకునే సరుకయ్యాయి. బెల్‌ఫాస్ట్‌లోని మస్‌గ్రేవ్ కంపెనీ, లండన్‌లోని సెయింట్ పాంక్రాస్ ఇనుప కర్మాగారం పేర్లు ఇప్పటికీ కొన్ని లాయాల స్తంభాల మీద పోత అక్షరాల్లో చదవొచ్చు. తలుపు పక్క ఇటుకల మూలలను గుండ్రంగా పోత పోయించారు. తుళ్లిపడుతూ బయటికొచ్చే గుర్రానికి తుంటి ఎముక మూలకు తగిలితే కుంటిదవుతుంది. కుంటిగుర్రం ఖరీదు ముందు ప్రత్యేక ఇటుకల ఖర్చు ఏపాటిది!

బగ్గీలకు వేరే గది

బగ్గీల గది లాయానికి ఆనుకునే ఉన్నా రెంటి మధ్య తలుపు పెట్టకుండా జాగ్రత్త పడ్డారు. అమ్మోనియా బగ్గీ వార్నిష్‌ను మసకబారుస్తుంది, తోలును పాడుచేస్తుంది. గది ముఖం వీలైతే ఉత్తరానికి పెట్టారు, ఎండకు రంగు వెలవకూడదని. ఒక్కో బగ్గీకి వెడల్పాటి తలుపులు కావాలి కనుక ముందువైపు వరస కమానులు వచ్చాయి. చాలా లాయాల ముఖానికి అందం తెచ్చింది ఈ కమానుల వరసే. పక్కనే జీనులు, కళ్లేలు దాచే గది. అందులో పొయ్యి తప్పనిసరి, ఎందుకంటే ఇంగ్లండ్ చెమ్మలో తోలు బూజు పడుతుంది. ఆ పొయ్యి మీదే అలసి వచ్చిన గుర్రాలకు తవుడు జావ కాచేవారు.

కోచ్‌మన్ ఇల్లు ఎక్కడుండాలి?

గుర్రం వాంతి చేసుకోలేదు. కడుపునొప్పి వస్తే లోపలి వాయువు, తిండి పైకి వచ్చే దారి లేదు. గంటల్లో ప్రాణం పోవచ్చు. నొప్పి వచ్చిన గుర్రం నేల మీద పొర్లుతూ, గోడను తన్నుతూ చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు అర్ధరాత్రి ఎవరికో ఒకరికి వినపడాలి. పొగ వాసనా ఎవరికో తగలాలి. కోచ్‌మన్ నివాసం చోటును నిర్ణయించింది ప్రధానంగా ఈ రెండు భయాలే.

చిన్న ఇళ్లలో అతని కాపురం లాయం మీదే. బగ్గీ గది పైన రెండు గదులు, బయటి నుంచి మెట్లు. అక్కడ వెచ్చదనం ఉంది, చప్పుడు వినపడుతుంది, అమ్మోనియా కూడా వస్తుంది. పసిపిల్లలున్న కుటుంబానికి అది ఎలాంటి గాలో చెప్పనక్కర్లేదు. గుర్రానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి కావాలో లెక్కలు వేసిన కాలంలోనే, ఆ గాలిని పైకి పంపిన చోట మనుషులు పడుకున్నారన్నది ఈ కట్టడాల చరిత్రలో కప్పిపుచ్చలేని విషయం. సంపన్న ఎస్టేట్లలో పెళ్లికాని గుర్రపు కాపరులకు అటక పక్క గదులు మిగిలాయి. పెళ్లైన కోచ్‌మన్‌కు మాత్రం పెరటి మూల విడిగా ఇల్లు దక్కింది.

ఆ విడి ఇంటి ప్లాను చూస్తే దాని అసలు పని బయటపడుతుంది. ముందుగది కిటికీల్లో ఒకటి లాయం పెరడు వైపు, ఇంకోటి గేటు వైపు తెరుచుకుంటుంది. ఇల్లు లాయం గోడను ఆనుకుని ఉంటే మధ్య గోడ కప్పు దాకా గట్టి ఇటుకతో లేచింది. పొయ్యి పొగగూడు గడ్డి అటకకు దూరంగా, అవతలి గోడలో పెట్టారు. 1851 మహా ప్రదర్శన కోసం హెన్రీ రాబర్ట్స్ ప్రిన్స్ ఆల్బర్ట్ పేర బోలు ఇటుకలతో కట్టి చూపిన శ్రామికుల నమూనా ఇంట్లో మూడు పడకగదులు ఉన్నాయి. తల్లిదండ్రులకు ఒకటి, ఆడపిల్లలకు ఒకటి, మగపిల్లలకు ఒకటి. ఆ నమూనా తర్వాత లండన్ కెన్నింగ్టన్ పార్కుకు చేరి ఇప్పటికీ నిలిచి ఉంది. 19వ శతాబ్దపు రెండో సగంలో ఎస్టేట్ల కుటీరాలు ఈ ఆలోచన వైపు నడిచాయి. బయటికి మాత్రం రెండు రంగుల ఇటుక పట్టీలు, కోసుగా లేచిన చూరు, చెక్కడపు పలకలతో దొరగారి భవనానికి చిన్న తమ్ముడిలా కనిపించాలి, ఎందుకంటే అతిథి గేటు దాటగానే చూసేది దాన్నే.

హోదా పరంగా కోచ్‌మన్ ఇంటి సేవకుల్లో పైవరసలోనివాడు. దానికి పన్ను లెక్కలూ సాక్ష్యమే. 1777లో ప్రభుత్వం మగ సేవకుల మీద తలకు ఒక గినీ (21 షిల్లింగులు) చొప్పున యజమానుల దగ్గర పన్ను వసూలు చేయడం మొదలుపెట్టింది. కోచ్‌మన్ ఆ పట్టీలో ఉన్నాడు. కోచ్‌మన్, గుర్రం, బగ్గీ మూడూ పన్ను కట్టాల్సిన విలాసాలైన చోట, ఆ మూడింటినీ ఒకే పెరట్లో పెట్టి అందంగా చూపించుకోవడం యజమానికి ఒక ప్రకటన. కోచ్‌మన్ వైపు నుంచి చూస్తే సంగతి వేరు. ఇంటికి అద్దె లేదు, కానీ ఇల్లు కొలువుతో ముడిపడింది. కొలువు పోయిన రోజే కుటుంబం వీధిన పడుతుంది.

లండన్‌లో ఇదే ఏర్పాటు నిలువునా ముడుచుకుంది. పెద్ద ఇళ్ల వరస వెనక సన్నటి సందు, సందులో రెండంతస్తుల ఇటుక లాయాలు, కింద గుర్రం, బగ్గీ, పైన కోచ్‌మన్ కుటుంబం. వీటికి మ్యూస్ అనే పేరు డేగల వల్ల వచ్చింది. ఈకలు రాల్చే కాలంలో రాజుగారి వేట డేగలను ఛేరింగ్ క్రాస్ దగ్గర ఉంచేవారు. ఈక రాల్చడాన్ని చెప్పే పాత మాటే మ్యూస్. ఎనిమిదో హెన్రీ కాలంలో ఆ చోటు గుర్రాలకు మళ్లింది, పేరు మాత్రం నిలిచి లాయాలన్నిటికీ పాకింది. ఇప్పుడు ఆ చోట నేషనల్ గ్యాలరీ ఉంది. రాజలాయం పిమ్లికోకు మారి, జాన్ నాష్ రూపకల్పనలో 1825కు పూర్తయింది.

వెచ్చటి నేల మీద లెక్క మారుతుంది

మన వైపు అనుభవంతో పోలిస్తే ఇటుక లాయం ఎంతగా తన వాతావరణపు బిడ్డో అర్థమవుతుంది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో అశ్వాధ్యక్షుడి అధ్యాయం లాయం కొలతలు చెబుతుంది. ఒక్కో గుర్రం చోటు దాని పొడవంత చదరంగా, నున్నటి పలకల నేలతో, మూత్రం, పేడ పోయే దారులతో, ఉత్తర ముఖంగానో తూర్పు ముఖంగానో ఉండాలి. శాలకు నాలుగు దిక్కులా తలుపులు, నడుమ గుర్రం పొర్లడానికి జాగా కావాలి. మూత్రం దారి, దిక్కు, కొలత అన్నీ ఇంగ్లండ్ వాస్తుశిల్పి అడిగిన ప్రశ్నలే. గాలి విషయంలో మాత్రం జవాబు తిరగబడింది. మన దగ్గర వేడిని బయటికి పంపాలి, కాబట్టి నాలుగు తలుపులూ తెరవాలి. దక్కన్‌లో అశ్వికదళాల గుర్రాలు చాలాకాలం ఆరుబయట మేకులకు, కాలితాళ్లకు కట్టేసి ఉండేవి. పైన నీడ దొరికితే అదే లాయం.

బగ్గీల పట్ల మాత్రం రెండు చోట్లా ఒకటే శ్రద్ధ. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్ బగ్గీఖానాలో నిజాముల బగ్గీలతో పాటు పసుపు రోల్స్ రాయిస్ కారు కూడా ప్రదర్శనలో ఉంది. బగ్గీ నిలిచిన చోటే కారు నిలవడం ఇంగ్లండ్‌లో లాయాలన్నీ చూసిన మార్పే.

కారు, తర్వాత కాపురం

బ్రిటన్‌లో 1896 చట్టం మోటారు బండ్ల మీద పాత ఆంక్షలు సడలించింది. 1911 అక్టోబరులో లండన్ జనరల్ కంపెనీ తన చివరి గుర్రపు బస్సును ఆపేసింది. ధనవంతుల ఇళ్లలో బగ్గీ గది కారు షెడ్డయింది, నేలలో మరమ్మతు గుంత వచ్చింది, కోచ్‌మన్ కొడుకో, ఒక్కోసారి కోచ్‌మనో డ్రైవరుగా మారాడు. కారు గుర్రంలా రాత్రిపూట జబ్బు పడదు. కాపలా అక్కర్లేదని తేలగానే కోచ్‌మన్ ఇంటికి ఆ చోట ఉండాల్సిన కారణం పోయింది. ఇల్లు అమ్మకానికి వచ్చింది.

1947 పట్టణ ప్రణాళిక చట్టంతో చారిత్రక కట్టడాల జాబితా పద్ధతి గట్టిపడింది. జాబితాలోకెక్కిన భవనం ఆవరణలో 1948 జులై 1కి ముందు నుంచీ ఉన్న లాయం, కోచ్‌మన్ ఇల్లు విడిగా జాబితాలో లేకపోయినా, కొన్ని షరతులకు లోబడి వాటికీ రక్షణ వర్తిస్తుంది. రక్షణ బయటి గోడతో ఆగదు, లోపలి స్టాళ్లు, తొట్లు, నేల కూడా అందులోకే వస్తాయి. అనుమతి లేకుండా మార్చడం నేరం. అటకలో గబ్బిలాలు కాపురముంటే 1981 వన్యప్రాణి చట్టం అదనం. యజమానులకు ఇది వేధింపుగా తోచడం సహజమే. కానీ ఇలాంటి కట్టడంలో విలువైనది ముఖం కంటే ప్లాను. స్టాళ్లు పీకేసి, నేల చదును చేసి, ముఖం ఒక్కటే నిలిపితే లాయం ఆనవాలు ఏమీ మిగలదు. కాల్క్, డనమ్ మాసీ, వింపోల్ లాంటి చోట్ల లాయాలకు సందర్శకుల వసతి పనులు అప్పగించడం ఇందుకే కొంత నయం. పెద్ద గదులు చిన్న గదులుగా చీలకుండా మిగులుతాయి.

ఇక తెల్లపొడి సంగతి. వందేళ్లకు పైగా మూత్రం పీల్చిన ఇటుకల్లో, సున్నపు గారలో నైట్రేట్ లవణాలు నిలవ ఉన్నాయి. గాలిలో తేమ పెరిగితే అవి నీరు పీల్చి గోడను తడిపేస్తాయి, తేమ తగ్గితే గడ్డకట్టి పొంగి ఇటుక ముఖాన్ని పొరలుగా ఊడదీస్తాయి. ఈ తడిని నేల నుంచి ఎక్కే చెమ్మగా పొరబడి, గోడకు రసాయనాలు ఎక్కించి, సిమెంటు పూత పూస్తారు. సిమెంటు తడిని లోపలే బంధిస్తుంది, లవణం ఇంకా పైకి, ఇంకా లోపలికి పాకుతుంది. నేలకు కాంక్రీటు పోస్తే భూమి తేమకు గోడే దారవుతుంది. గోడ ఊపిరి తీసుకునే సున్నపు పూత, లవణాన్ని తనలోకి లాక్కుని రాలిపోయే తాత్కాలిక పూత, ఓపిక అనే మూడింటితోనే ఈ వ్యాధి అదుపులో ఉంటుంది. కొన్ని గోడల ముందు కొద్ది ఖాళీ వదిలి పలకల గోడ నిలపడమే మిగిలిన దారి.

మార్చేసిన ఇంట్లో లాయాన్ని గుర్తుపట్టడం

మూసేసిన కిటికీలను చూడగానే చాలామంది 1696 నుంచి 1851 దాకా నడిచిన కిటికీ పన్నును తలుచుకుంటారు. ఇటుక వరసలు చుట్టుపక్కల గోడతో అల్లుకుపోయి ఉంటే ఆ కిటికీ ఏనాడూ తెరుచుకోలేదు, ముఖం సమంగా కనిపించాలని మొదట్నుంచే గుడ్డిగా కట్టారు. చుట్టూ నిలువు సందు నిటారుగా కనిపిస్తేనే తర్వాత మూసినట్టు. వంటగది గోడలో భుజం ఎత్తున వరసగా తెగ్గోసిన ఇనుప మొనలు ఉంటే, అవి గుర్రాలను కట్టిన కడియాల మొదళ్లు. పాత దూలం అంచు చెక్క గిన్నెలా అరిగి నున్నగా ఉంటే, విసుగెత్తిన గుర్రాలు ఏళ్ల తరబడి కొరికిన చోటది. తివాచీ ఎత్తితే నీలి ఇటుకలు బయటపడొచ్చు. వాటి మీద చెంబెడు నీళ్లు పోసి ఎటు పారుతాయో చూస్తే, ఆ నీరు పారే దిక్కుకు వ్యతిరేక దిక్కున, ఎత్తు వైపు గుర్రం తల ఉండేది.